మధ్యాహ్నం ఒక అంకె, తెల్లవారుజామున ఒక అంకె: తేమ సెన్సర్ రీడింగ్‌లో వేడి తప్పును సరిచేసుకోవడం ఎలా?

గుంటూరు చుట్టుపక్కల మిర్చి తోటల్లో డ్రిప్ పైపు పక్కన తేమ సెన్సర్ గుచ్చి ఉండటం ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తోంది. అది పెట్టుకున్నవాళ్లు అడిగే ప్రశ్నల్లో ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది: “మోటారు వెయ్యలేదు, వాన చినుకు లేదు. మరి మధ్యాహ్నం మూడింటికి ఫోన్లో తేమ పెరిగినట్టు చూపిస్తోందేమిటండీ?”

తేమ పెరగలేదు, నేల వేడెక్కింది. సెన్సర్‌కు నీళ్లు కనపడవు. అది మట్టిలోకి చిన్న విద్యుత్ సంకేతం పంపుతుంది, ఆ సంకేతం ఎంత మారిందో చూసి తేమ ఇంత ఉండాలని లెక్క కడుతుంది. నీళ్లు ఆ సంకేతాన్ని మార్చినట్టే వేడి కూడా మారుస్తుంది. ఏది నీటి వల్ల వచ్చిన మార్పో, ఏది వేడి వల్ల వచ్చిందో సెన్సర్ విడదీయలేదు. ఆ పని మనం చెయ్యాలి.

చెయ్యకపోతే నష్టం పంటకే. ఫిబ్రవరి, మార్చిలో కాయ మీదున్న తోటలో, వేడికి ఎక్కువ చూపించిన అంకెను నమ్మి తడి వాయిదా వేస్తే మొక్క బెట్టకొస్తుంది, పూతా పిందే రాలతాయి. వేడికి తక్కువ చూపించే నేలలో దీనికి తిరగబడి, అక్కర్లేని తడి పెడతాం. మిర్చికి వేళ్ల దగ్గర నీళ్లు నిలవడం అసలు పడదు.

ఒక ఉష్ణోగ్రత ప్రోబ్, మూత ఉన్న రెండు ప్లాస్టిక్ బకెట్లు, వంటింటి డిజిటల్ త్రాసు, కొన్ని రోజుల ఓపిక ఉంటే ఈ తప్పును ఇంట్లోనే చాలావరకు సరిచేసుకోవచ్చు.

ముందు వేడి ఏం చేస్తుందో తెలుసుకోండి

ఇది వదిలేసి నేరుగా పనిలోకి దిగొద్దు. కారణం తెలియకపోతే సవరణను తలకిందులుగా చేసే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఎక్కువగా వాడే కెపాసిటివ్ రకం సెన్సర్లు కొలిచేది డైఎలెక్ట్రిక్ స్థిరాంకం అనే గుణాన్ని, అంటే ఒక పదార్థం విద్యుత్ శక్తిని ఎంత నిల్వ చేసుకోగలదో చెప్పే అంకెను. గాలికి అది 1. ఎండిన మట్టి రేణువులకు 3 నుంచి 5. నీటికి మాత్రం 20 డిగ్రీల దగ్గర 80. ఇంత తేడా ఉండబట్టే మట్టిలో నీటి పాలు ఎంతో పట్టుకోగలుగుతున్నాం. 1980లో కెనడాకు చెందిన టాప్, ఆయన సహచరులు ఈ స్థిరాంకం నుంచి తేమ శాతం రాబట్టే సమీకరణం ఇచ్చారు. ఇప్పటికీ చాలా పరికరాలకు అదే పునాది.

నీరు వేడెక్కితే ఈ స్థిరాంకం తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర 80 ఉన్నది 40 డిగ్రీల దగ్గర 73కి దిగుతుంది. అంటే ఈ ఒక్క కారణమే పనిచేస్తే వేడికి రీడింగ్ తగ్గాలి. ఎంత తగ్గుతుందని లెక్క వేస్తే, నిజంగా 30 శాతం తేమ ఉన్న ఇసుక నేల 20 డిగ్రీలు వేడెక్కినప్పుడు సెన్సర్ దాదాపు 28.7 చూపిస్తుంది. పెద్ద తప్పేం కాదు.

పెద్ద తప్పు రెండో కారణంతో వస్తుంది. మట్టిలో ఉన్నది వట్టి నీరు కాదు. అందులో ఉప్పులుంటాయి, మనం డ్రిప్‌లో వదిలిన ఎరువులుంటాయి, బోరు నీటి చవుడు ఉంటుంది. ఈ ద్రవంలో కరెంటు ప్రవహించే గుణం ఒక్కో డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది. నేల 20 డిగ్రీలు వేడెక్కితే 40 శాతం పెరిగినట్టు. తక్కువ ఫ్రీక్వెన్సీలో పనిచేసే చవక సెన్సర్ దీన్ని కూడా తేమ కిందే జమ వేసుకుంటుంది. అందుకే ఎరువు బాగా వేసిన చేలో వేడికి రీడింగ్ పైకి పోతుంది.

మూడోది బంకమట్టి సంగతి. మన నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ జాతి బంకమట్టి ఎక్కువ. దాని సన్నటి పొరలకు కొంత నీరు అతుక్కుని ఉంటుంది. అలా అతుక్కున్న నీరు సెన్సర్‌కు సరిగా దొరకదు. నేల వేడెక్కినప్పుడు అందులో కొంత పట్టు సడలి మామూలు నీటిలా ప్రవర్తిస్తుంది, అప్పుడు రీడింగ్ పెరుగుతుంది. ఒకే వేడికి కొన్ని నేలల్లో కొలత పెరగడం, కొన్నింటిలో తగ్గడం ఎందుకో 1999లో రైత్, ఓర్ అనే శాస్త్రవేత్తలు ఈ అతుక్కున్న నీటితోనే వివరించారు.

ఇదంతా చెప్పింది ఒక్క మాట కోసం. ఉండవల్లి వైపు కృష్ణ ఒడ్డున ఇసుక కలిసిన ఒండ్రులో పెట్టిన సెన్సర్, ప్రత్తిపాడు వైపు నల్లరేగడిలో పెట్టిన అదే సెన్సర్ ఒకే ఎండకు చెరో దిక్కుకూ తప్పు చూపించవచ్చు. కాబట్టి నెట్‌లో దొరికిన సవరణ అంకెను తెచ్చి మీ ప్రోగ్రాంలో పెట్టుకోవద్దు. అది వేరే నేలది. మీ అంకెను మీ మట్టి నుంచే తీయాలి.

1. మీ దగ్గరున్న సెన్సర్ ఏ రకమో చూసుకోండి

రెండు లోహపు కాళ్లున్న రెసిస్టివ్ సెన్సర్ అయితే దాన్ని పక్కన పెట్టండి. అది కొలిచేదే కరెంటు ప్రవాహాన్ని కాబట్టి ఉప్పు, వేడి రెండూ నేరుగా దెబ్బ తీస్తాయి. పైగా తడి మట్టిలో కాళ్లు త్వరగా తుప్పు పట్టి అరిగిపోతాయి. దానికి సవరణ కట్టడం వృథా శ్రమ.

వందా రెండొందలకు దొరికే కెపాసిటివ్ సెన్సర్, అంటే నల్లటి కత్తి ఆకారంలో ఉండే 1.2 వెర్షన్ బోర్డు, నేర్చుకోవడానికీ చిన్న తోటకూ పనికొస్తుంది. దాని ఇబ్బంది ఒకటుంది. టైమర్ చిప్, మిగతా భాగాలు బోర్డు తలమీదే ఉంటాయి. కత్తి మట్టిలో ఉన్నా తల ఎండలో మాడుతుంది. నేల వేడి ఒకటి, తల వేడి ఇంకొకటి అయిపోతుంది.

కొంచెం ఖరీదైన సెన్సర్లలో కొన్ని ఎక్కువ ఫ్రీక్వెన్సీలో, 70 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. అక్కడ ఉప్పు ప్రభావం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. పెద్ద తోటకు, నాలుగైదేళ్లు వాడుకోవాలనుకునేవాళ్లకు నా సలహా ఇదే. వీటిలో చాలావాటికి ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లోపలే ఉంటుంది. ఉన్నంత మాత్రాన తేమ అంకెను అది సరిచేసి ఇస్తోందని అనుకోవద్దు. ఉష్ణోగ్రతను విడిగా చూపించి ఊరుకునేవే ఎక్కువ. కరపత్రం చదివి తేల్చుకోండి.

వాటర్‌మార్క్ లాంటి బ్లాకు రకం సెన్సర్ల లెక్క వేరు. దానికి కింద విడిగా చెప్పాను.

2. తేమ సెన్సర్ పక్కనే ఉష్ణోగ్రత ప్రోబ్ పెట్టండి

డీఎస్18బీ20 అనే చిప్‌తో స్టీలు గొట్టంలో వచ్చే వాటర్‌ప్రూఫ్ ప్రోబ్ సరిపోతుంది. మన నేలల్లో ఉండే వేడికి దాని కొలతలో తేడా అర డిగ్రీ లోపే. డేటా తీగకూ కరెంటు తీగకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే పిచ్చి అంకెలు వస్తాయి. సెన్సర్ అంకెల్ని చదివి వైఫైలో పంపే ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డు వాడుతుంటే తేమ సెన్సర్ తీగను ఏడీసీ1 పిన్నుల్లో (వోల్టేజీని అంకెగా చదివే మొదటి గుంపు పిన్నులు) దేనికైనా ఇవ్వండి. వైఫై నడుస్తున్నప్పుడు ఏడీసీ2 పిన్నులు పనిచేయవు.

ప్రోబ్ ఎక్కడ పెట్టాలన్నది చాలా ముఖ్యం. తేమ సెన్సర్ కత్తి మధ్యభాగం ఎంత లోతులో ఉందో అదే లోతులో, మూడు నాలుగు అంగుళాల దూరంలో ఉండాలి. నిలువుగా గుచ్చితే పైన ఎండకు కాగిన స్టీలు గొట్టం వేడిని కిందికి దింపుతుంది. పక్కన చిన్న గుంట తీసి, గోడలోకి అడ్డంగా దూర్చి, తీగను కాసేపు అదే లోతులో నడిపించి పైకి తీసుకురండి.

వాతావరణ యాప్‌లో చూపించే గాలి ఉష్ణోగ్రత ఈ పనికి పనికిరాదు. ఎందుకో చూడండి. పగటి వేడి నేలలోకి దిగేకొద్దీ రెండు పనులు జరుగుతాయి: దాని ఊపు తగ్గుతుంది, ఆలస్యంగా చేరుతుంది. ఉజ్జాయింపుగా చెప్పాలంటే ప్రతి 10 సెంటీమీటర్లకు ఊపు మూడో వంతుకు కొంచెం పైన మిగులుతుంది, దాదాపు నాలుగు గంటలు ఆలస్యమవుతుంది. నేల పైభాగం పగటికీ రాత్రికీ 20 డిగ్రీలు మారితే 15 సెంటీమీటర్ల లోతులో మారేది 4 డిగ్రీలు. పైన మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు వేడి గరిష్ఠమైతే 15 సెంటీమీటర్ల దగ్గర అది వచ్చేసరికి సాయంత్రం ఏడవుతుంది. 30 సెంటీమీటర్ల దగ్గర పగలూ రాత్రి తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూ. తోట కమ్ముకున్నాక, మల్చింగ్ షీటు పరిచాక ఈ అంకెలు మారతాయి, తీరు మాత్రం ఇదే.

దీనివల్ల మీకొక మంచి ఆనవాలు దొరుకుతుంది. తడి పెట్టకుండానే రీడింగ్ ఒంటిగంట, రెండింటికి ఎగిసిపడుతుంటే తప్పు నేలలో లేదు, ఎండలో ఉన్న బోర్డు తలలోనో డబ్బాలోనో ఉంది. నాలుగు, ఐదింటికి ఎక్కువవుతుంటే పైపైన ఉన్న మట్టి వేడి. రాత్రి ఏడు, ఎనిమిదికి ఎక్కువవుతుంటే 15 సెంటీమీటర్ల లోతు మట్టి వేడి. ఒక వారం గ్రాఫు ముందు పెట్టుకుని శిఖరం ఏ గంటకు వస్తోందో చూడండి.

నిజమైన తేమ గ్రాఫు వేరేలా ఉంటుంది. పగలు మొక్క తాగుతుంది కాబట్టి కిందికి దిగుతుంది, రాత్రి దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, మళ్లీ పగలు దిగుతుంది. మెట్లు దిగుతున్నట్టు ఉండాలి. రోజూ అలలా లేచి పడుతుంటే అందులో వేడి కలిసినట్టే.

3. బిగించేటప్పుడు ఎండనూ పగుళ్లనూ దూరం పెట్టండి

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. నల్లరేగడి అంతకు ముందే పగుళ్లిస్తుంది. సెన్సర్ పక్కన మట్టి విడిపోతే మధ్యలో గాలి చేరుతుంది, గాలి స్థిరాంకం 1 కాబట్టి రీడింగ్ ఒక్కసారిగా పడిపోతుంది. దీన్ని వేడి సవరణతో సరిచేయలేరు. అందుకే నేల పదునులో ఉన్నప్పుడే బిగించాలి. గునపంతో సెన్సర్ కన్నా కాస్త పెద్ద రంధ్రం చేసి, అదే మట్టిని నీళ్లతో జారుగా కలిపి పోసి, అందులో సెన్సర్ దింపి చుట్టూ వేళ్లతో నొక్కండి. డ్రిప్పర్ కింద కాకుండా, డ్రిప్పర్‌కు పక్కగా ఓ జానెడు దూరంలో, మొక్క వేళ్లున్న చోట పెట్టండి. నేల ఆరి పగుళ్లు మొదలయ్యాయా అని వారానికొకసారి వంగి చూడటం తప్పదు.

వీలైతే కత్తిని పైనుంచి నిలువుగా గుచ్చకుండా 15 సెంటీమీటర్ల లోతులో పూడ్చండి. 1.2 వెర్షన్ బోర్డు తలను పూడ్చాలంటే ముందు దాన్ని ఎపాక్సీతో పూర్తిగా కప్పాలి. బోర్డు అంచుల్లోంచి కూడా తడి లోపలికి పోతుంది కాబట్టి అంచులకూ పూయండి. పూడ్చడం కుదరనివాళ్లు తల మీద తెల్లటి పీవీసీ మూత బోర్లించి, కింద గాలి ఆడేలా సందు వదలండి. బ్యాటరీ, కంట్రోలర్ ఉన్న డబ్బాను మొక్కల నీడలోకి గానీ ఉత్తరం వైపుకు గానీ మార్చండి. ఎండ మొహాన ఉన్న నల్ల డబ్బా లోపలి వేడి చెయ్యి పెట్టలేనంత ఉంటుంది.

తల వేడి ఎంత తప్పు తెస్తోందో విడిగా చూడాలంటే, సెన్సర్‌ను తుడిచి, ఆరబెట్టి, దేనికీ తగలకుండా గాలిలో వేలాడదీయండి. తెల్లవారుజామున ఒక రీడింగ్, మధ్యాహ్నం వేడిగా ఉన్న నీడలో ఒక రీడింగ్ తీసుకోండి. గాలి రెండుసార్లూ గాలే, దాని స్థిరాంకం మారదు. అంకె మారిందంటే అది సర్క్యూట్ పని.

4. బకెట్ పరీక్ష చేయండి

అసలు పని ఇది. నీళ్లు మారకుండా వేడి మాత్రం మారిస్తే, రీడింగ్‌లో వచ్చిన ప్రతి మార్పూ వేడిదే అవుతుంది. అంత సూటి పరీక్ష ఇంకొకటి లేదు.

సెన్సర్ పెట్టబోయే చోటి నుంచే, అదే లోతులో మట్టి తీసుకోండి. నీడలో ఆరబెట్టి, గడ్డలు చితక్కొట్టి, రాళ్లూ వేళ్లూ ఏరేయండి. ఐదు లీటర్ల బకెట్‌కు ఆరు కిలోల చొప్పున కావాలి. ఒక బకెట్ మట్టిని దున్నడానికి వీలైన పదునుకు, రెండోదాన్ని దానికన్నా బాగా పొడిగా ఉండేలా నీళ్లు చల్లుతూ కలపండి. ఒక్కసారి గుమ్మరిస్తే నల్లమట్టి ముద్దలు కడుతుంది. కలిపిన మట్టిని పాలిథిన్ సంచిలో మూతికట్టి ఒక రోజు వదిలితే తడి అంతటా సమంగా పాకుతుంది. తర్వాత పొరలు పొరలుగా బకెట్‌లో వేసి, ప్రతి పొరనూ ఒకే బలంతో అదమండి.

ఎన్ని నీళ్లు పోశారో దాన్నే తేమ అనుకోవద్దు. గాలికి ఆరిన నల్లరేగడి చేతికి పొడిగా తగిలినా అందులో ఇంకా చెప్పుకోదగ్గ నీరు మిగిలే ఉంటుంది. అసలు తేమ తెలియాలంటే బకెట్‌లోంచి 100 ఘన సెంటీమీటర్ల డబ్బా నిండా మట్టి తీసి తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచి మళ్లీ తూచాలి. తడిగా 166 గ్రాములు, ఎండాక 130 గ్రాములు ఉంటే పోయిన నీరు 36 గ్రాములు. డబ్బా 100 ఘన సెంటీమీటర్లు కాబట్టి తేమ 36 శాతం. ఇంట్లో కేకులు చేసే ఓటీజీ ఉంటే చాలు. లేకపోతే దగ్గర్లోని భూసార పరీక్ష కేంద్రంలో ఓవెన్ ఉంటుంది, వెళ్లి అడగండి.

సెన్సర్, ఉష్ణోగ్రత ప్రోబ్ రెండూ బకెట్ నడిమధ్య దింపి, తీగలు బయటకు వచ్చే చోట టేపు వేసి, మూత బిగించి, దానిపైన పాలిథిన్ చుట్టండి. అప్పుడు బకెట్ మొత్తాన్ని తూచి బరువు రాసుకోండి. పరీక్ష ముగిశాక మళ్లీ తూచాలి. ఐదు లీటర్ల మట్టిలోంచి 50 గ్రాముల నీరు పోయిందంటే తేమ 1 పాయింటు నిజంగానే తగ్గినట్టు, అప్పుడు మీ లెక్క చెడుతుంది. మూత సరిచేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇక వేడి మార్చాలి. ఏసీ గదిలో రాత్రంతా ఉంచితే 23, 24 డిగ్రీలు వస్తుంది. మామూలు గదిలో 30 దగ్గర. ఏప్రిల్‌లో రేకుల షెడ్డు కింద పెడితే 40 కష్టపడకుండానే వస్తుంది. చలికాలంలో చేస్తున్నవాళ్లు పెద్ద టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి అందులో బకెట్ నిలబెట్టి, నీళ్లు చల్లారుతుంటే మారుస్తూ ఉండండి. ప్రతి వేడి దగ్గరా ఐదారు గంటలు ఆగాలి. ప్రోబ్ అంకె గంటసేపు కదలకుండా ఉంటేనే తేమ రీడింగ్ రాసుకోండి. తొందరపడి ఎండలో పెట్టొద్దు. ఒక పక్క కాగి ఇంకో పక్క చల్లగా ఉంటే మట్టిలోని తేమ ఆవిరై వేడి పక్క నుంచి చల్లని పక్కకు జరుగుతుంది. బకెట్ బరువు మారదు, సెన్సర్ చుట్టూ ఉన్న తేమ మాత్రం మారిపోతుంది. ఈ తప్పును తర్వాత కనిపెట్టడం చాలా కష్టం.

వేడెక్కేటప్పుడు ఒకసారి, చల్లారేటప్పుడు ఒకసారి రీడింగ్‌లు తీసుకోండి. రెండు దారులూ దాదాపు ఒకే గీత మీద పడితే పరీక్ష బాగా జరిగినట్టు.

5. డిగ్రీకి ఎంత తేడా వస్తోందో లెక్క తీయండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. పదునుగా ఉన్న బకెట్‌లో 23 డిగ్రీల దగ్గర 27.6, 31 దగ్గర 29.2, 40 దగ్గర 31.0 వచ్చాయనుకోండి. మొత్తం 17 డిగ్రీలకు 3.4 పాయింట్లు పెరిగింది. భాగిస్తే డిగ్రీకి 0.2. ఇక సూత్రం ఇది:

సవరించిన తేమ = సెన్సర్ చూపిన తేమ − డిగ్రీకి తేడా × (నేల ఉష్ణోగ్రత − 25)

25 అన్నది మనం పెట్టుకున్న ఆధార ఉష్ణోగ్రత. వేరేది పెట్టుకున్నా తప్పు లేదు, కానీ తర్వాత మార్చకూడదు. ఇప్పుడు చేలో సాయంత్రం ఏడింటికి 33 డిగ్రీల దగ్గర 29.6 చూపించిందనుకుందాం. 8 డిగ్రీలు ఎక్కువ కాబట్టి 1.6 తీసేస్తే 28.0. మర్నాడు తెల్లవారుజామున 29 డిగ్రీల దగ్గర 28.8 చూపిస్తే, 0.8 తీసేస్తే అదీ 28.0. రాత్రి మొక్క తాగలేదు, మనం తడి పెట్టలేదు, తేమ కదల్లేదు. సవరణకు ముందు మాత్రం రాత్రికి రాత్రే ముప్పావు పాయింటుకు పైగా నీరు పోయినట్టు కనిపించింది.

ఇసుక నేలవాళ్లకు వేడి పెరిగేకొద్దీ రీడింగ్ తగ్గి, డిగ్రీకి తేడా మైనస్‌లో రావచ్చు. కంగారుపడొద్దు, మైనస్ గుర్తుతోనే సూత్రంలో పెట్టండి, లెక్క దానంతటదే సరిపోతుంది. 1.2 వెర్షన్ బోర్డు వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. తడి పెరిగితే దాని ముడి అంకె తగ్గుతుంది. శాతంగా మార్చకముందే సవరణ చేస్తుంటే గుర్తులు తలకిందులవుతాయి.

పొడి బకెట్‌కూ ఇదే లెక్క కట్టండి. తడి తక్కువగా ఉంటే వేడి ప్రభావమూ తక్కువే ఉండటం మామూలు. 18 శాతం దగ్గర డిగ్రీకి 0.08, 28 దగ్గర 0.2 వచ్చిందనుకుంటే, 23 శాతం దగ్గర మధ్యలో ఉన్న 0.14 వాడండి. రెండు బకెట్లతో ఇంతవరకు చాలు. పరిశోధన చేస్తున్నవాళ్లు నాలుగైదు తడుల దగ్గర చేస్తారు.

వీడియోల్లో చూపించే “గాలిలో సున్నా, నీళ్లలో వంద” పద్ధతి ఇక్కడ సరిపోదు. నీటితో పూర్తిగా నిండిన నేలలో కూడా పరిమాణంలో సగం దాకా మట్టి రేణువులే ఉంటాయి. గాలి, నీళ్ల మధ్య గీసిన ఆ గీత మీద వచ్చిన శాతం మీ నేల తేమ శాతం కాదు. రెండు బకెట్ల ఓవెన్ అంకెలతోనే శాతం కట్టుకోండి.

6. వాటర్‌మార్క్ బ్లాకు వాడేవాళ్లు ఇలా చేయండి

ఈ సెన్సర్ తేమ శాతం చెప్పదు. నేలలోంచి నీటిని లాక్కోవడానికి వేరు ఎంత బలం పెట్టాలో కిలోపాస్కల్స్‌లో చెబుతుంది. అంకె పెరిగితే నేల ఆరినట్టు. లోపల కొలిచేది రెసిస్టెన్స్. వేడికి అది తగ్గుతుంది కాబట్టి, వేడి నేలలో ఈ సెన్సర్ ఉన్నదానికన్నా తడిగా ఉన్నట్టు చూపిస్తుంది. బకెట్ పరీక్ష అక్కర్లేదు, దీనికి ఉష్ణోగ్రత కలిపిన సూత్రం 1998 నుంచే ఉంది. షాక్, ఆయన బృందం ఇచ్చింది:

కిలోపాస్కల్స్ = (4.093 + 3.213 × రెసిస్టెన్స్) ÷ (1 − 0.009733 × రెసిస్టెన్స్ − 0.01205 × ఉష్ణోగ్రత)

రెసిస్టెన్స్ కిలో ఓమ్‌లలో, ఉష్ణోగ్రత సెల్సియస్‌లో వేయాలి. 10 నుంచి 75 కిలోపాస్కల్స్ మధ్య దీన్ని వాడొచ్చు. చాలామంది ఉష్ణోగ్రతను 24 దగ్గర వదిలేసి అలాగే నడిపిస్తారు. దాని ఫలితం చూడండి. రెసిస్టెన్స్ 10 కిలో ఓమ్‌లు ఉన్నప్పుడు 24 డిగ్రీలు అని వేస్తే 59 వస్తుంది. నేల అసలు ఉష్ణోగ్రత 34 అయితే వచ్చేది 73.5. మీరు 60 దగ్గర తడి పెట్టాలని నిర్ణయించుకుని ఉంటే, మీటరు ఇంకా ఆగమంటోంది, మొక్క మాత్రం ఎప్పుడో బెట్టలో పడింది. మన ఎండల్లో ఇది చిన్న తేడా కాదు. ఈ మీటరు ఉన్నవాళ్లు ఇవాళే ఉష్ణోగ్రత సెట్టింగ్ చూసుకోండి.

7. రోజూ ఒకే సమయానికి చూడండి

సవరణ కట్టాక కూడా, తడి పెట్టాలా వద్దా అన్న నిర్ణయం తెల్లవారుజామున ఐదు, ఐదున్నర రీడింగ్ మీద తీసుకోండి. అప్పటికి బోర్డూ డబ్బా చల్లబడి ఉంటాయి, మొక్క తాగడం ఆగి గంటలు గడిచి ఉంటుంది, మోటారుకు కరెంటు వచ్చేలోపు ఆలోచించుకునే టైము ఉంటుంది. సవరణలో చిన్న లోపం మిగిలినా, రోజూ అదే గంటకు చూస్తారు కాబట్టి నిన్నటికీ ఇవాళ్టికీ పోలిక చెడదు.

సెన్సర్ పదిహేను నిమిషాలకోసారి పంపే అంకెల్ని పగలంతా ఫోన్లో చూస్తూ టెన్షన్ పడాల్సిన పని లేదు.

తడి పెట్టిన వెంటనే వచ్చే అంకెలతో జాగ్రత్త. బోరు నీటి వేడి ఒకటి, నేల వేడి ఇంకొకటి. రెండూ కలిసి కుదుటపడేదాకా సెన్సర్ అంకె, ప్రోబ్ అంకె ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. డ్రిప్‌లో ఎరువు వదిలిన రోజైతే ఉప్పు ప్రభావం కూడా తోడవుతుంది. మర్నాటి తెల్లవారుజాము దాకా ఆ అంకెల్ని పక్కన పెట్టండి.

8. కాలం మారినప్పుడు మళ్లీ తనిఖీ చేయండి

రోజువారీ వేడి ఊపు 30 సెంటీమీటర్లకు వచ్చేసరికి దాదాపు ఆగిపోతుందని చెప్పాను. రుతువు తెచ్చే మార్పు అలా ఆగదు, అది రెండు మీటర్లు దాటి కూడా దిగుతుంది. కాబట్టి లోతుగా పెట్టాం, తెల్లవారుజామునే చూస్తున్నాం, ఇక సవరణ ఎందుకని వదిలేయొద్దు. ఆగస్టు, సెప్టెంబరులో నారు నాటినప్పుడు ఉన్న నేల వేడి వేరు, సంక్రాంతి నాటికి వేరు, ఏప్రిల్‌లో చివరి కోతల నాటికి వేరు. డిగ్రీకి 0.2 తేడా వచ్చే నేలలో 10 డిగ్రీలు మారితే 2 పాయింట్లు. అది రోజుల తరబడి మెల్లగా వచ్చి చేరుతుంది కాబట్టి గ్రాఫులో అలలా కనపడదు. నిజంగానే తేమ మారుతోందనిపిస్తుంది.

అందుకని పంటకాలంలో కనీసం రెండుసార్లు, సంక్రాంతి చలిలో ఒకసారి, మార్చి ఎండలో ఒకసారి, సెన్సర్‌కు ఓ అడుగు దూరంలో అదే లోతు నుంచి డబ్బాతో మట్టి తీసి ఓవెన్‌లో ఆరబెట్టి చూడండి. సవరించిన అంకెకూ ఓవెన్ అంకెకూ తేడా రెండు పాయింట్ల లోపు ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. రెండుసార్లూ ఒకే పక్కకు, ఒకే మోతాదులో తప్పు వస్తే వేడి సవరణ బాగానే ఉంది, శాతం లెక్కను మాత్రం ఆ మేరకు జరపండి. చలిలో ఒక పక్కకు, ఎండలో ఇంకో పక్కకు తప్పు వస్తే డిగ్రీకి తేడా అంకె సరిగా లేదు, బకెట్ పరీక్ష మళ్లీ చెయ్యాలి. ఎండలో మాత్రమే బాగా తక్కువ చూపిస్తే ముందు సెన్సర్ చుట్టూ పగులు ఉందేమో తవ్వి చూడండి.

ఎరువుల మోతాదు బాగా మార్చినా, కాలవ నీటి నుంచి చవుడు బోరు నీటికి మారినా పాత అంకె చెల్లదు. ఆ నీటితోనే మట్టి కలిపి బకెట్ పరీక్ష చేయండి. పంట తీసేశాక, రోటావేటరు చేలోకి దిగకముందే సెన్సర్లు తవ్వి తీసి, కడిగి, ఏ సెన్సర్‌కు ఏ అంకె వచ్చిందో దాని తీగకు చీటీ కట్టి దాచండి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఒకదాని అంకె ఇంకొకదానికి సరిపోదు.